హారతి అయ్యేదాకా

"వాడి పెండ్లాన్ని వాడు కొట్టుకుంటే నీకెక్కడమ్మే నొప్పి?"

సర్దారు మునిస్వామి ఈ ప్రశ్న వేసింది పొద్దుటి హాజరు దగ్గర, కూలీలంతా కత్తులూ పారలూ పట్టుకుని వరసగా నిలబడి ఉన్నప్పుడు. వేసింది పైడమ్మను. అతను చిత్తూరు వైపు మనిషి, గొంతు పెద్దది. చెరకు తోట అవతలి గట్టుకు కూడా వినబడాలనే అడిగాడు. అంతమందిలో ఆడమనిషి తల వంచుకుంటుందనుకున్నాడు. పైడమ్మ చేతిలోని పార నేలకు ఆనించి, కాస్త ఆలోచించినట్టు ముఖం పెట్టి, "సెవుల్లోన, సర్దారూ" అంది.

వరసంతా ఘొల్లుమంది. మునిస్వామి కూడా నవ్వేవాడే, కులంబరు గుర్రం మీంచి చూస్తూ ఉండకపోతే. తెల్ల ఓవర్సీరును అక్కడ అందరూ కులంబరనే అనేవారు. ఆ నవ్వులో పైడమ్మ గెలిచినట్టే కనిపించింది. గెలుపు ఆ పూటతో సరి.

పైడమ్మది బొబ్బిలి పక్క పల్లె. మొగుడు కలరాలో పోయాక పనికోసం ఊరూరూ తిరుగుతుంటే ఒక పెద్దమనిషి పని చూపిస్తానన్నాడు, మద్రాసులో ఓడ కూలీల డిపోలో దింపాడు, అక్కడ వేలిముద్ర పడింది, ఓడ కదిలింది. ఇదంతా 1910 నాటి మాట. ఓడ దిగి ఫిజీ దీవుల్లో లంబాసా దగ్గరి చెరకు ఎస్టేటుకు చేరాక తెలిసింది, ఆ వేలిముద్ర విలువ ఐదేళ్ల చాకిరీ అని. దాన్నే గిర్మిట్ అన్నారు. ఎస్టేటు పేరు అనవసరం. అన్నిచోట్లా ఇదే తంతు.

ఓడలో ఆమెకు దొరికింది గంగ. పదిహేడేళ్ల పిల్ల, శృంగవరపుకోట అవతలిది, సముద్రం చూసిన రోజు నుంచీ వాంతులే. పైడమ్మ దాని తల ఒళ్లో పెట్టుకుని గంజి పట్టింది, తల దువ్వింది, చచ్చిపోతానని ఏడిస్తే తిట్టింది. అలా గంగ ఆమెకు ఓడ చెల్లెలైంది, ఆమె గంగకు అప్ప, అంటే అక్క, అయింది. ఒకే ఓడ ఎక్కినవాళ్లంతా అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లూ అయిపోయారని ఫిజీలో ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటారు. అందులో నిజముంది. సొంత అన్నదమ్ములు ఎంతవరకు అక్కరకు వస్తారో, ఓడ అన్నదమ్ములూ అంతవరకే వచ్చారు.

కూలీలుండే లైనులో ఆడవాళ్లు తక్కువ, మగవాళ్లు ఎక్కువ. ఏ పిల్ల ఏ గదిలోకి వెళ్లాలో మునిస్వామి చెప్పేవాడు. ఊరికే చెప్పేవాడు కాదు. గోవిందు అతని చెయ్యి తడిపి గంగను తెచ్చుకున్నాడు. కొబ్బరి మట్ట పందిరి కింద పసుపు తాడు కట్టాడు, అందరూ అక్షింతలు వేశారు. గోవిందు చెరకు నరకడంలో మేటి, పాట బాగా పాడేవాడు, నలుగురిలో మర్యాద తెలిసినవాడు. కొట్టేవాళ్లు చూడగానే తెలిసిపోతారని నమ్మేవాళ్లు అతన్ని చూసి ఉండరు.

లైనంటే పొడుగాటి చెక్కల కొట్టం, పైన రేకులు. గదికీ గదికీ మధ్య చెక్క గోడ ఉండేది గానీ అది కప్పుదాకా వెళ్లేది కాదు. పైన తీగల వల కొట్టి వదిలేశారు, గాలికట. ఆ సందులోంచి పొగ వచ్చేది, పోపు వాసన వచ్చేది, దగ్గు వచ్చేది. ఒకరి కాపురం అందరికీ వినబడేది. అందుకే లైనులో ఒక మర్యాద పుట్టింది: విన్నది విననట్టు ఉండాలి. పొద్దున్నే నీళ్ల దగ్గర గంగ కన్ను వాచి కనబడితే, ఎవరూ కన్ను వైపు చూసేవారు కాదు. పెదవి చిట్లితే వంట గురించి మాట్లాడేవారు.

పైడమ్మ గది గంగ గదికి ఆనుకుని ఉంది. ఆమెతో ఆ గదిలో ప్రేమ్‌వతి అనే హిందుస్తానీ ఆవిడ ఉండేది. మొదటిసారి గోవిందు చెయ్యి చేసుకున్నప్పుడు పైడమ్మ గోడ మీద గుద్దింది. అవతల క్షణం ఆగి, మళ్లీ మొదలైంది. రెండోసారి వెళ్లి తలుపు తట్టింది. తలుపు తియ్యలేదు. మూడోసారికి ఆమెకు తన చిన్నప్పటి పని గుర్తొచ్చింది.

చిన్నప్పుడు పైడమ్మ జొన్న చేలో మంచె మీద కూర్చుని పిట్టలు తోలేది. పగలంతా అదే పని. రామచిలకలు గుంపుగా దిగుతాయి. రేకు మీద కర్రతో వాయిస్తే లేచిపోతాయి. చిలకను కొట్టక్కర్లేదు. చేలో మనిషి ఉందని దానికి తెలిస్తే చాలు.

మూలనున్న కిరసనాయిలు డబ్బా తీసుకుని, గుమ్మం బయట గొంతుక్కూచుని, ఆమె వాయించడం మొదలుపెట్టింది. ఆదివారం మిట్టమధ్యాహ్నం. "హోయ్, హో" అని మంచె కేక కూడా పెట్టింది. తలుపులు తెరుచుకున్నాయి. ప్రేమ్‌వతి మొదట చెవులు మూసుకుంది, తర్వాత లోపలికెళ్లి ఇత్తడి పళ్లెం తెచ్చింది.

"ఏమైంది బహినీ, పామా?" అని ఎవరో అరిచారు.

"కాదు. గోవిందు పెళ్లాన్ని కొడతన్నాడు" అంది పైడమ్మ, చెయ్యి ఆపకుండా. అందరికీ తెలిసిన సంగతే. కానీ అంతవరకు ఎవరూ పైకి అనలేదు.

గోవిందు బయటికొచ్చాడు. ముఖంలో కోపం కన్నా సిగ్గే ఎక్కువ. మగవాళ్లలో ఒకడు, "గోవిందూ, నీ చేలో చిలకలు పడ్డాయంట్రా!" అన్నాడు. అందరూ నవ్వారు. గోవిందు కూడా నవ్వవలసి వచ్చింది. ఆ రోజుకు చెయ్యి ఆగింది.

అది అలవాటైంది. ఎక్కడ మొదలైతే అక్కడ డబ్బా. ఇంకో గదిలో ఇంకో ఆడమనిషి పళ్లెం ఎత్తేది, మరో గదిలో చెంబు. కొట్టడం పోయిందని చెప్పలేం, తగ్గింది. కొట్టబోయే ముందు మగవాడు గోడ పైనున్న సందు వైపు ఒకసారి చూసేవాడు. పైడమ్మ సాధించింది ఆ చూపు. మునిస్వామి ప్రశ్న అడిగింది అప్పుడే, ఎందుకంటే ఒక ఆదివారం అతని గది ముందు కూడా పళ్లెం మోగింది.

ఆ తర్వాత కులంబరు కొండ మీద తన బంగళాలో ఆ మోత విన్నాడు. కూలీలు తిరగబడుతున్నారేమోనని తుపాకీ తీసుకుని దిగాడు. సంగతి తెలిశాక నవ్వాడట. నవ్వి, ఇకమీద డబ్బా కొట్టినవాళ్లకు ఆ వారం కూలి కోత అన్నాడు. ఆదివారం తాను పడుకోవాలి. మునిస్వామి ఆ మాటను రెండు భాషల్లో లైనంతా చాటాడు. చాటుతున్నప్పుడు అతని ముఖం పండగలా ఉంది.

కూలి కోత అంటే తిండి కోత. పళ్లేలు లోపలికి వెళ్లిపోయాయి. ఆ వచ్చే ఆదివారమే గోవిందు గంగను పాత బాకీలన్నీ కలిపి కొట్టాడు. మర్నాడు ఆమె తన వంతు కలుపు పూర్తి చెయ్యలేకపోయింది. పని ముగియనందుకు కూలి రాలేదు. ఇంట్లో దెబ్బ తిన్నది చేలో కూడా శిక్ష తినాలి, అది ఎస్టేటు న్యాయం.

పైడమ్మకు అప్పుడొక ఆలోచన వచ్చింది. ఆమె చేసిన తప్పు ఇదే. దాన్ని తప్పని అప్పుడు ఎవరూ అనుకోలేదు. చాలా తెలివైన పనని అందరూ మెచ్చుకున్నారు.

డబ్బా నిషేధం. కానీ భజన నిషేధం కాదు. దేవుడి పేరు మీద ఎంత మోతైనా కులంబరు ఊరుకునేవాడు. భజన చేసే కూలీలు సమ్మె చెయ్యరని అతనికెవరో చెప్పారు. అప్పటిదాకా ఆదివారం భజన మునిస్వామి గది ముందు జరిగేది. పైడమ్మ అతని దగ్గరకు వెళ్లి చేతులు కట్టుకుంది.

"సర్దారూ, భజన గోవిందు గుమ్మం ముందెట్టండి. ఆడి గొంతు బాగుంటాది కదా. ఆడు పాడితే అందరికీ పున్నెం."

మునిస్వామి ఆమెను ఎగాదిగా చూశాడు. "డబ్బా నుంచి దేవుడి మీదికి మళ్లినావే, మంచిదే. మద్దెల లేదు గదా మనకు. నీ డబ్బా పట్టుకురా. తాళం వెయ్యి."

"ఆడది తాళం వెయ్యడమేమిటి" అని కొందరు సణిగారు. కానీ లయ తప్పని చెయ్యి లైనులో ఆమెది ఒక్కటే. అలా పిట్టలు తోలిన డబ్బా భజనలోకి వచ్చింది.

పని చేసింది కూడా. ముప్ఫైమంది మగవాళ్లు గుమ్మం ముందు చాప పరుచుకుని కూర్చుంటే ఎవడు పెళ్లాన్ని కొడతాడు? గోవిందు మొదటి వరసలో కూర్చుని కళ్లు మూసుకుని పాడేవాడు; అతని గొంతు వింటే ఎంతటివాడూ మెత్తబడేవాడు. గంగ గడప మీద కూర్చునేది. ఆమె వాపులు తగ్గాయి. ఒక రోజు నీళ్ల దగ్గర నవ్వుతూ అంది:

"అప్పా, నీ దేవుడు బాగానే పని సేస్తన్నాడు."

"దేవుడు కాదే నా తల్లీ. గుమ్మం. గుమ్మంలోన మనుసులున్నారు, అదీ."

"గిర్మిట్ అయిపోతే ఏటి సేద్దాం?"

"నవువా ఎల్లిపోదాం. అక్కడ ఏటి ఒడ్డున వరి ఏస్తన్నారంట మనోళ్లు. నువ్వు ఊడుపు ఊడిస్తే నాను పిట్టల్ని తోల్తాను."

"మావ రానిత్తాడా?"

"ఆడి గిర్మిట్ ఇంకా ఉంటాది కదా. మన ఓడ ముందు వదుల్తాది."

అది నిజం కాదు. గోవిందుది ముందు ఓడ. అతనే ముందు విడుదలవుతాడు. ఇద్దరికీ తెలుసు. తెలిసీ ఆ మాటను అలాగే ఉంచుకున్నారు.

భజనకు ఒక కట్టుబాటుంది. మొదలుపెట్టాక మధ్యలో లేవకూడదు. హారతి అయ్యేదాకా పాట తెగకూడదు. తెగితే ఊరికి అరిష్టం. బొబ్బిలిలోనూ అంతే, చిత్తూరులోనూ అంతే. ఓడ ఎక్కేటప్పుడు కులం, ఇల్లు, పేరు, చాలా సముద్రంలో పడిపోయాయి గానీ, ఈ కట్టుబాటు మాత్రం తడవకుండా దిగింది.

చెరకు నరికే రోజుల చివర, ఒక ఆదివారం సాయంత్రం, ఎండ ఇంకా ఉండగానే భజన మొదలైంది. గోవిందు ఆ రోజు తాగి ఉన్నాడు, ఎక్కువ కాదు. పాట మధ్యలో చరణం మరిచిపోయాడు. పక్కవాడు అందించాడు, గోవిందు మళ్లీ తప్పాడు. గడప మీద గంగ పమిట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆమెను చూసి ఇంకొందరు నవ్వారు. గోవిందు కూడా నవ్వాడు. ఆ చరణం ఎలాగో ముగించాడు.

హారతికి కర్పూరం తేవాలని గంగ లోపలికి వెళ్లింది. గోవిందు లేచాడు. మధ్యలో లేవకూడదని మునిస్వామి కళ్లతోనే అడ్డం చెప్పాడు. గోవిందు దాహమన్నట్టు చెయ్యి చూపించి, లోపలికి వెళ్లి తలుపు దగ్గరికి వేశాడు.

పైడమ్మ అది చూసింది. చూసిందని ఆమె తర్వాత ఎప్పుడూ కాదనలేదు. ఆమె చెయ్యి ఒక్క దెబ్బ తడబడింది. మునిస్వామి ఆమె వైపు తిరిగి కళ్లు ఉరిమి, చేతిని పైకెత్తి తిప్పాడు: పెంచు, ఇంకా పెంచు. భజనల్లో అది మామూలే; చివర్లో వేగం పెంచి, అందరూ ఒక్క గొంతుతో ఊగిపోయాక హారతి. గుమ్మానికి దగ్గరగా కూర్చున్న అప్పలసామి, గంగ ఓడ అన్నే, ఒకసారి తలుపు వైపు తిరిగి మళ్లీ ముందుకు తిరిగాడు. తిరిగాక ఇంకా గట్టిగా పాడాడు. అందరూ పాడారు. పైడమ్మ వాయించింది. మంచె మీద కూడా ఆమె అంత గట్టిగా ఎప్పుడూ వాయించలేదు. డబ్బా కింద ఏదో వినబడినట్టే ఉంది, వినబడలేదన్నట్టే ఉంది. పాట అయ్యాక చూద్దామనుకుంది. చెయ్యి ఆపితే పాట తెగుతుంది.

పాట అయింది. కర్పూరం రాలేదు. అందరూ హారతి పళ్లెం వైపు చూస్తూ కూర్చున్నారు. తలుపు తీసుకుని గోవిందు బయటికొచ్చాడు, తన చోటులో కూర్చున్నాడు, తువ్వాలుతో చేతులు తుడుచుకున్నాడు.

"కర్పూరం?" అన్నాడు మునిస్వామి.

"అది లెగట్లేదు" అన్నాడు గోవిందు.

పైడమ్మ లోపలికి వెళ్లేసరికి గంగ ప్రాణంతో లేదు. కర్పూరం బిళ్ల ఆమె పిడికిట్లోనే ఉంది. బయట మునిస్వామి, హారతి లేకుండా వదిలేస్తే అరిష్టమని, ఇంకెవరి గదిలోనుంచో కర్పూరం తెప్పించి వెలిగించాడు.

మర్నాడు అప్పలసామి నీళ్ల దగ్గర పైడమ్మ ముందుకు రావడానికి భయపడి, ఆమె పిలిచాక వచ్చాడు.

"నువ్వు ఇన్నావు కదా, తమ్ముడా?"

"ఇన్నానప్పా."

"మరి?"

"హారతి అవనేదు కదప్పా. మద్దిలోన ఎలా లెగుత్తాం?"

వాడు అబద్ధమాడలేదు. వాడి కష్టం నిజంగా అదే. చెడ్డవాళ్లు చేసిన పనైతే దీనికి ఒక మందు ఉండేది.

లంబాసా కోర్టులో మునిస్వామితో మొదలుపెట్టి వచ్చిన సాక్షులంతా ఒకటే చెప్పారు: దేవుడి సేవలో ఉన్నాం, ఏమీ వినలేదు. మేజిస్ట్రేటు దొర బుర్ర ఊపాడు. దైవభక్తి అంటే అతనికీ గౌరవమే. పైడమ్మ వంతు వచ్చింది. దుబాసీ అడిగాడు: విన్నావా?

"ఇన్నాం. అందరం ఇన్నాం. నా డబ్బా కిందనించి కూడా ఇనబడ్డాది."

దొర ఏదో అన్నాడు. దుబాసీ ఆ మాటను తెలుగులో చెప్పాడు: "విన్నదానివి, వాయించడం ఎందుకు ఆపలేదు?"

మునిస్వామి ప్రశ్నకు తడుముకోకుండా జవాబిచ్చిన మనిషి ఈ ప్రశ్న దగ్గర నిలబడిపోయింది. దుబాసీ మళ్లీ అడిగాడు. మళ్లీ అడిగాడు. తర్వాత దొర చెయ్యి ఊపి ఆమెను దిగిపొమ్మన్నాడు.

చచ్చిపోయిన మనిషికి లోపల ముందే ఏదో జబ్బుందని డాక్టరు చెప్పాడు. ఆరోగ్యంగా ఉన్న మనిషైతే ఆ దెబ్బలకు చచ్చేది కాదట. గోవిందుకు కొన్ని నెలల జైలు పడింది. జైల్లో ఉన్నన్ని రోజులు అతని గిర్మిట్ పొడిగించారు. అంటే శిక్ష అయ్యాక అతను తిరిగి అదే లైనుకు, అదే గదికి వచ్చాడు. వచ్చిన ఆదివారం భజనలో అతని గొంతు లేని లోటు తీరిందని అందరూ సంతోషించారు. ఆ గదిలోకి ఇంకో పిల్లను చూసిపెట్టే పనిలో మునిస్వామి పడ్డాడు.

పైడమ్మ ఇక డబ్బా ముట్టలేదు. గిర్మిట్ అయ్యాక నవువా వెళ్లలేదు. లంబాసా పొలిమేరలోనే గడ్డి కప్పిన పాకలో ఉండి, కూలికి చెరకు నాట్లు వేసేది. ఆదివారాలు మాత్రం ఒక పని పెట్టుకుంది. చుట్టుపక్కల లైనుల్లోనూ, విడుదలైనవాళ్ల ఇళ్ల మధ్యనూ ఎక్కడ భజన జరిగినా అక్కడికి నడిచి వెళ్లేది. పాట మంచి ఊపులో ఉండగా లేచి నిలబడేది.

"ఆపండి. ఒక్క చనం ఆపి ఇనండి. మేం పాడతా ఉండగానే ఒక పిల్ల సచ్చిపోయింది."

మొదట జాలిపడ్డారు. తర్వాత విసుక్కున్నారు. పాట తెంచే మనిషి అడుగుపెడితే అరిష్టమని గుమ్మంలోనే ఆపేశారు. పిల్లలు 'డబ్బా మౌసీ' అని వెంటపడ్డారు; ఆమె చేతిలో డబ్బా లేకపోయినా. ప్రేమ్‌వతి ఒకసారి బతిమాలింది: "ఎందుకు బహినీ ఈ తిట్లు? వాళ్లకు తెలియదనా? అందరికీ తెలుసు."

"తెల్సు. తెల్సునని పైకి అనమంటన్నాను."

ఒక్కసారి, ఒక్కచోట, పాట ఆపారు. నది దాటాక కొత్తగా ఇళ్లు వేసుకున్న చోటు. అక్కడ భజన పెద్ద ముసలివాడు, ఓపిక ఉన్నవాడు. "సరే తల్లీ, వింటాం" అని తాళాలు కింద పెట్టించాడు. అందరూ నోరు మూసుకున్నారు. చెరకు ఆకుల గాలి, దూరంగా కుక్క. ఆ తర్వాత మూడో ఇంట్లోంచి అది వినబడింది: చెంప మీద దెబ్బ, ఆడగొంతు, మళ్లీ దెబ్బ. ఎవరూ కదల్లేదు. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఎవరిల్లో అందరికీ తెలుసు. పైడమ్మ ముసలివాడి వైపు చూసింది. అతను చూపు దించుకుని, గొంతు సవరించుకుని, తర్వాతి పాట ఎత్తుకున్నాడు, కాస్త పై శ్రుతిలో. పైడమ్మ ఒక్కతే లేచి ఆ మూడో ఇంటికి వెళ్లింది. తలుపు తీసిన ఆడమనిషి ముక్కు నుంచి రక్తం తుడుచుకుంటూ, "ఎవరు నువ్వు? వెళ్లిపో, నా మొగుడు చూస్తే చంపేస్తాడు" అంది.

ఆ తర్వాత పైడమ్మ భజనలకు వెళ్లలేదు.

1920 జనవరి ఒకటిన గిర్మిట్లన్నీ రద్దయ్యాయి. లైనులో ఉపన్యాసాలు, దండలు, అక్కడి మత్తు పానీయం యంగోనా నింపిన గిన్నెలు, పాటలు. అందరూ విడుదలయ్యారని అందరూ అందరితోనూ చెప్పుకున్నారు. ఆ వారంలోనే పైడమ్మ ఎస్టేటు ఆఫీసుకు వెళ్లి కిటికీ ముందు నిలబడింది. చనిపోయిన వారంలో గంగ పూర్తి చేసిన పనికి కూలి రావాలి. ఆ డబ్బుతో ఆమె పేరు మీద నలుగురికి అన్నం పెట్టాలని అడిగింది. ఏళ్ల తరబడి అడుగుతూనే ఉంది.

"ఆమెకు నువ్వేమవుతావు?" అన్నాడు గుమాస్తా, ఎప్పటిలాగే.

"ఓడ అప్పని."

"అలాంటి చుట్టరికం లేదు. మొగుడొస్తే ఇస్తాం."

మొగుడు ఎప్పుడో విడుదలై లౌటోకా వెళ్లిపోయాడు. అక్కడి భజనల్లో మంచి పేరు తెచ్చుకున్నాడని విన్నారు. అతను రాలేదు. గంగ చివరి వారం కూలి, మూడు షిల్లింగులు, ఆ ఎస్టేటు నుంచి ఇంకా రావాలి.